అంగడివీధిలోని అక్షరాభ్యాసము
(వార్షిక మహాసభ, మహిళాసదస్సునందు చేసిన యుపన్యాసము)

   

ఈ యేటి మహాసభయందు స్త్రీవిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మాకు ఉత్తరము వ్రాసినప్పుడు మేము కొంత సందేహించితిమి. ఏలయన, ఈ విషయమై ఈ వేదికమీద ప్రతిసంవత్సరమును ఎవరో యొకరు ప్రసంగించుచునే యున్నారు. గార్గి, మైత్రేయి యని యారంభించి, స్త్రీ చదివిన ఇల్లెల్ల చదివినట్లే యని ముగించుట యాచారమైనది. మేమును రెండు పర్యాయము లట్లే చెప్పితిమి. ఆ రెండు పర్యాయములును ముందు వరుసలోని పెద్దలు సుఖముగా నిద్రించిరి. భోజనానంతరకాలమును మహిళాసదస్సునకు కేటాయించు మన కార్యక్రమ నిర్ణేతల దయ యది. కావున ఈ సారి గార్గీమైత్రేయులకు విశ్రాంతి నిచ్చి, మీలో పెక్కురు పేరైనను విని యుండని యొక స్త్రీని గూర్చి చెప్పదలచితిమి. ఆమె మన దేశమున బుట్టినది కాదు. మన భాష మాటలాడినది కాదు. పశ్చిమాఫ్రికాలోని నైజీరియా యామె దేశము. పేరు ఫున్మిలాయో రాన్సమ్ కూటి. 1900 సంవత్సరమున జన్మించి 1978వ సంవత్సరమున గతించెను.

ఆమె మాకు పరిచయమైన విధము చిత్రమైనది. మా మనుమడు చెవులకు యంత్రములు తగిలించుకొని ఎల్లవేళల పాటలు వినును. ఒకనాడు ఆ యంత్రము చెడిపోగా, గది నిండ బాకాలును డోళ్లును మ్రోగునట్లు పాట పెట్టెను. ఏమిరా యీ గోల యని మందలించితిమి. "తాతా! ఇది గోల కాదు. సైనికులు తన తల్లిని మేడమీదినుండి త్రోసివేసినందున, శవపేటికను మోసికొనిపోయి రాజ్యాధిపతి వాకిట దింపిన యొక కొడుకు పాట" యని వాడు బదులు చెప్పెను. సంస్కృతము చదివిన మాకు మాతృభక్తి కథలకు కొదువ లేదు గాని, ఇట్టి దానిని మేము విని యుండలేదు. ఆ తల్లి యెవరు, ఆమె చేసిన యపరాధమేమి యని వెదకుటతో ఈ యుపన్యాసము పుట్టినది.

నైజీరియాకు నైరృతిభాగమున, లాగోసు రేవునకు ఉత్తరముగా, ఒగున్ నదీతీరమున అబెయొకూట యను నగరము కలదు. ఆ పేరునకు "శిల క్రింద" అని యర్థము. యుద్ధములచే చెదరిపోయిన ఎగ్బా యను యొరూబా తెగవారు 1830 ప్రాంతమున ఒలుమొ యను పెద్ద రాతికొండ నాశ్రయించి కట్టుకొనిన యూరది. వారి రాజునకు అలాకె యని బిరుదు. రాజు పురుషుడే గాని, ఆ యూరి వ్యాపారము చాలవరకు స్త్రీల చేతిలోనిది. ధాన్యము, నూనె, నీలిమందుతో అద్దకము వేసిన గుడ్డలు మున్నగు సరకులు వారే కొందురు, వారే అమ్ముదురు. భర్త సొమ్ము భర్తది, భార్య సొమ్ము భార్యది. అంగడి స్త్రీల పక్షమున మాటలాడుటకు ఇయలోదె యను పదవి యొకటి పూర్వమునుండి యుండెను. 1864లో తినుబు అను గొప్ప వర్తకురాలు ఎగ్బా జనులకు ఇయలోదె యయ్యెను. ఆఫ్రికా స్త్రీ యనగా నోరు లేనిదని తలచువారు ఈ మాట గుర్తుంచుకొన వలెను.

ఆంగ్లేయులతో 1893లో చేసికొనిన సంధివలన ఎగ్బా రాజ్యము కొంతకాలము స్వతంత్రముగా నుండెను. 1914లో ఆ స్వాతంత్ర్యము పోయినది. అటుపిమ్మట దొరలు నేరుగా పాలింపక, అలాకెను ముందు నిలిపి, అతని చేతిమీదుగా పాలించిరి. ఈ యుపాయము మనకు క్రొత్తది కాదు. సంస్థానముల చరిత్ర యెరిగినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. పూర్వము రాజునకు అడ్డు చెప్పు పెద్దల సభలుండెడివి; స్త్రీల నాయకురా లుండెడిది. దొరల కంత ఓపిక లేదు. వారికి ఒక్క మనిషి, ఒక్క ముద్ర, ఒక్క సంతకము చాలును. ఇయలోదె మాటకు విలువ పోయినది. 1918 నుండి ఎగ్బా సీమలో పన్ను వచ్చినది. అది పురుషులకు వేరు, స్త్రీలకు వేరు.

ఆ నగరముననే ఫున్మిలాయో 1900 అక్టోబరు 25వ తేదీన జన్మించెను. "నాకానందము దయచేయబడెను" అను భావము గల పేరది. తండ్రి వ్యవసాయమును, వ్యాపారమును చేయువాడు. తల్లి దుస్తులు కుట్టునది. తండ్రి పూర్వులలో దాస్యమునకు అమ్ముడుపోయి, సియెర్రా లియోనున విడుదల నొంది, మరల స్వస్థలము చేరినవారు కలరు. అబెయొకూట గ్రామర్ పాఠశాల మొదట మగపిల్లలకు మాత్రమే యుండి, 1914లో బాలికలను చేర్చుకొనగా, అట్లు తొలిసారి ప్రవేశించిన కొలదిమందిలో ఈమె యొకతె. 1919లో ఇంగ్లండునకు పోయి, చెషైరు మండలమందలి వించమ్ హాల్ కళాశాలలో మూడేండ్లు చదివెను. పోవునప్పుడు ఆమె పేరు ఫ్రాన్సెస్ అబిగెయిల్. 1922లో వచ్చునప్పటికి ఆ రెండు పేర్లను విడిచి, తల్లిదండ్రులు పెట్టిన యొరూబా పేరును మాత్రమే నిలుపుకొనెను. సీమకు పోయినవారు కొత్త పేరు తెచ్చుకొనుట చూచితిమి. ఉన్న సీమపేరును సీమలోనే దింపి వచ్చుట మాత్రము అరుదు.

1925లో ఇజ్రాయెల్ ఒలుదొతున్ రాన్సమ్ కూటి యను నతనిని వివాహమాడెను. ఆయన క్రైస్తవ మతాచార్యుడును, పాఠశాలాధ్యక్షుడును. అంతకంటె మాకు ప్రియమైన సంగతి యేమనగా, 1931లో నైజీరియా ఉపాధ్యాయసంఘమును స్థాపించిన ముఖ్యులలో నొకడు, దాని తొలి యధ్యక్షుడు. ఉపాధ్యాయుల జీతములకై పోరాడిన మనిషి గనుక ఆయనను గూర్చి యింకను చెప్పవలెనని మా మనస్సు లాగుచున్నది గాని, విషయము దారి తప్పును. వారికి ఒక కుమార్తె, ముగ్గురు కుమారులు.

ఇంతవరకును చెప్పిన దానిలో విశేషమేమియు లేదు. చదువుకొన్న తండ్రి, చదువుకొన్న కూతురు, సీమచదువు, మంచి సంబంధము. ఇట్టి జీవితములు మన సంఘమునందును ఇప్పుడు తక్కువ కావు. ఈ సంచికలోని "మన విద్యావంతులు" అను శీర్షిక క్రింద అచ్చైన ఛాయాచిత్రములలో సగము బాలికలవే. సంతోషమే. అసలు కథ ఇకమీద నున్నది.

1932లో ఫున్మిలాయో తన వంటి చదువుకొన్న స్త్రీలను చేర్చి లేడీస్ క్లబ్ అను సంఘమును స్థాపించెను. అక్కడ నేర్పునవి కుట్టుపని, అల్లికలు, విందుమర్యాదలు. అప్పుడప్పుడు దానధర్మములును జరుగుచుండెడివి. సభ్యురాండ్రు దొరసానుల వలె గౌనులు తొడిగి వచ్చెడివారు. చెడుపని యొకటియు చేయలేదు. పండ్రెండేండ్లు అట్లే గడచినవి. ఆ పండ్రెండేండ్లలో ఆ క్లబ్బు తలుపులు తెరచినప్పుడును మూసినప్పుడును, ఎదుటి వీధినుండి తలలపై గంపలతో అంగడి స్త్రీలు పోవుచునే యుండిరి. వారెవ్వరును లోనికి రాలేదు. రమ్మని పిలిచినవారును లేరు.

1944 ప్రాంతమున అంగడిలో వ్యాపారము చేయు స్త్రీ యొకతె, తనకు చదువు నేర్పింపవలెనని పరిచయస్థురాలి ద్వారా ఫున్మిలాయోకు కబురు పంపెను. ఎవరో కూలికి చదువుకొనువారు చాలరా యని యీమె త్రోసివేయవచ్చును. త్రోసివేయలేదు. క్లబ్బునందు అంగడి స్త్రీలకు అక్షరములు నేర్పు తరగతులు పెట్టించెను. పగలెల్ల బేరములాడి వచ్చిన స్త్రీలు సాయంకాలము పలకలు పట్టిరి. పెద్దవారికి చదువు చెప్పుట యెంత కష్టమో ఆ పనిలో దిగినవారికే తెలియును. పిల్లవానికి తెలియదనిన సిగ్గు లేదు. పెద్దవారికి ఆ సిగ్గే మొదటి పాఠము.

ఇచ్చట మా దోష మొకటి చెప్పుకొనవలసి యున్నది. మేము ముప్పదినాలుగేండ్లు ఒక పాఠశాలయందు సంస్కృతాంధ్రములు బోధించితిమి. అచ్చట గదులు తుడిచి, గంట కొట్టి, కుండలలో నీరు నింపు నొక యమ్మ యుండెడిది. జీతముల నాడు మేమందరము పట్టీలో వరుసగా సంతకములు చేయుదుము. చివర ఆమె వంతు. గుమాస్తా ఇంకుప్యాడు ముందుకు జరుపును. ఆమె బొటనవ్రేలు అద్ది, వేలిముద్ర వేసి, చీరకొంగుతో తుడుచుకొని, అతడు చేతిలో పెట్టినది లెక్కింపకయే పోవును. ఆమె మాతోబాటు ఇరువదియేండ్లు పనిచేసినది. నెలకొక్కమారు వంతున రెండువందల నలువదిమారు లా దృశ్యమును మేము కన్నులార చూచితిమి. పగలెల్ల ఆ గోడల నడుమనే సవర్ణదీర్ఘసంధి నేర్పిన మాకు, సాయంకాలము పది నిమిషములు కూర్చుండబెట్టి ఆమె పేరులోని మూడక్షరములు నేర్పవలెనని యొకనాడైనను తోచలేదు. ఆమె యడుగలేదు గదా యని సమాధానపడ వచ్చును. ఆమె యడుగుటకు మే మెంత యెడమిచ్చితిమో మాకు తెలియును. సంస్కృత పండితుని బల్లవద్దకు చీపురు పట్టిన చేయి ఊరక రాదు.

అక్షరములు నేర్చుటకు వచ్చిన స్త్రీలు అక్షరములతో నాగలేదు. పలకలు ప్రక్కన పెట్టి తమ కష్టములు చెప్పసాగిరి. అది రెండవ ప్రపంచయుద్ధకాలము. ధాన్యముమీద ప్రభుత్వపు నిర్బంధము లుండెను. బియ్యము గంపల నెత్తుకొని అంగడికి వచ్చు స్త్రీలను దారిలో నాపి, అధికారుల మనుష్యులు బియ్యము లాగుకొనుచుండిరి. సొమ్ము చెల్లింపరు, చెల్లించినను అది యసలు ధరకు చాలదు. క్లబ్బులోని విద్యావతులకు ఇది క్రొత్త వార్త. వారి యింటికి బియ్యము వచ్చుచునే యున్నది గదా! ఫున్మిలాయో అధికారుల నడిగెను, పత్రికల కెక్కించెను. 1945లో బియ్యము లాగుకొనుట నిలిచెను.

అక్షరజ్ఞుల చేతిలోని యొక కాగితము ఎంత పని చేయునో ఆ గంపల స్త్రీలకు నాడు తెలిసినది. గంపల స్త్రీలు లేనిచో తన చదువు ఎంత పనికిమాలినదో ఫున్మిలాయోకును తెలిసినది. 1946లో లేడీస్ క్లబ్ అను పేరు పోయి, అబెయొకూట స్త్రీల సంఘమను పేరు వచ్చెను. సభ్యురాండ్ర సంఖ్య ఇరువదివేల కెక్కెను. సభకు వచ్చువారెల్ల యొరూబా కట్టుబట్టలతోనే రావలెనని నియమము పెట్టిరి. ఎవరు గౌను, ఎవరు గుడ్డ యను భేద మట్లు పోయినది. ఫున్మిలాయోయు గౌనులను విడిచి కట్టుగుడ్డకును తలపాగకును మరలెను. ఇంగ్లండున చదివి ఆంగ్లము ధారాళముగా మాటలాడగల యామె, సభలందు యొరూబాలోనే మాటలాడెడిది. దొరల కర్థము గావలెనన్నచో వారే దుబాసీని తెచ్చుకొనవలసి వచ్చెడిది. గ్రాంథికభాషలో సుదీర్ఘముగా ప్రసంగించుచు ఈ మాట చెప్పుచున్నందుకు వెనుక వరుసలలోని తల్లులు నవ్వుకొనుచున్నారేమో, నవ్వదగినదే. ఈ వయస్సున మా నాలుక వేరు త్రోవ పట్టదు.

ఇక పన్ను సంగతి. ఎగ్బా సీమలో బాలురకంటె ముందుగనే, పదునైదవ యేటనే ఆడపిల్ల పన్ను చెల్లింపవలెను. పుట్టిన తేదీ వ్రాసిపెట్టు నలవాటు లేని యూరిలో పిల్లకు పదునైదేండ్లు నిండెనో లేదో యెట్లు తేలును? వసూలు చేయువారు పిల్లల వలువ లూడ్చి శరీరము చూచి వయస్సు నిర్ణయించిరని తల్లులు మొఱపెట్టుకొనిరి. ఈ మాట ఈ సభలో చెప్పవచ్చునా యని మేము రెండురోజు లాలోచించితిమి. చెప్పకున్నచో ఆ తల్లులు ఏల వీధికెక్కిరో మీకు తెలియదు. చెల్లింపలేని స్త్రీలను చెరసాలకు పంపిరి. పన్ను కట్టువారికి పాలనసభలో ఒక్క స్థానమైనను లేదు.

సంఘమువారు మొదట చేసినది ఊరేగింపు కాదు. లెక్కలు చూచిరి. అలాకె పేర నడచు పరిపాలనయొక్క ఆదాయవ్యయములను గణకుని చేత పరీక్షింపజేసిరి. ఎంత సొమ్ము వచ్చినది, ఎవరి కెంత పోయినది, స్త్రీలు కట్టిన దానిలో స్త్రీలకై ఖర్చైన దెంత యని యడిగిరి. పన్ను వలదని యూరకుండక, దానికి బదులుగా ఊరిలో లాభములు గడించు విదేశపు వర్తకసంస్థలపై పన్ను వేయుడని దారియు చూపిరి. నిన్న మొన్న "అ ఆ" లు దిద్దిన వారి సంఘము నేడు పద్దులు తిరుగవేయుచుండగా రాజునకును దొరలకును కోపము వచ్చుటలో వింత లేదు. నిరక్షరాస్యుల దుఃఖమునకు పాలకులు జాలిపడగలరు. వారి లెక్కకు జవాబు చెప్పుట మాత్రము కష్టము.

1947 నవంబరు చివరను, మరల డిసెంబరునందును వేలకొలది స్త్రీలు అలాకె కోటవాకిట చేరి, రేయింబవళ్లు కదలక కూర్చుండిరి. ఊరేగింపునకు అనుమతి యిమ్మనగా అధికారులు నిరాకరించిరి. అప్పుడు ఫున్మిలాయో, "మేము ఊరేగుట లేదు, వనభోజనమునకు పోవుచున్నాము, పండుగ చేసికొనుచున్నాము" అనెను. ఇరువదివేలమంది వనభోజనము! బాష్పవాయువు ప్రయోగించినచో ముక్కునకు, కన్నులకు గుడ్డ యెట్లు కప్పుకొనవలెనో, ఆ గొట్టము నెత్తి మరల నెట్లు విసరవలెనో స్త్రీలకు ముందుగనే తరిఫీదిచ్చెను. రాజుమీద ఎత్తిపొడుపు పాటలు కట్టి పాడుకొనిరి. ఆ పాటలలో కొన్నిటి భాష ఇచ్చట వినిపింపదగినది కాదు. తెలుగు పల్లెలలో నీళ్లబావి తగవులు విన్నవారు ఊహించుకొన గలరు.

ఆ సీమలో ఒరొ యను పురుషుల రహస్యారాధన యొకటి కలదు. ఒరొ బయలుదేరినదనగా స్త్రీలందరు తలుపులు బిగించుకొని లోన నుండవలెను. చూచిన స్త్రీకి చేటు మూడునని తరతరముల భయము. స్త్రీల గుంపును చెదరగొట్టుటకు పురుషులు దానిని బయటికి తీయుదుమని బెదరించిరి. ఫున్మిలాయో ఆ యారాధనకు గుర్తైన దండమును చేతబట్టుకొని, అందరు చూచునట్లు పైకెత్తి, ఇక నీ శక్తి మాది యనెను. చూచిన స్త్రీలలో నొకతెయు చావలేదు. మేము ఆచారములను తేలికగా త్రోసివేయు మనిషిమి కాము. మాకు సంధ్యావందనము తప్పినచో ఆ దినము అన్నము సహింపదు. అయినను, ఆచారమును కర్రగా చేసి ఆకలిగొన్న వారిపై ఝళిపించినప్పుడు, ఆ కర్రను లాగుకొనినవారిని తప్పు పట్టుటకు మాకు శాస్త్రవాక్య మేదియు స్ఫురించుట లేదు.

1948లో స్త్రీలమీది పన్ను నిలుపబడెను. ఆ యేడు జూలైలో అలాకె రెండవ అడెమొల పట్టణము విడిచిపోయెను. 1949 జనవరి 3వ తేదీన సింహాసనమును త్యజించెను. తాత్కాలిక పాలనసభలో స్త్రీలకు నాలుగు స్థానములు లభించెను, అందొకటి ఫున్మిలాయోది. కథ ఇచ్చట ముగిసిన రసవంతముగా నుండెడిది. కాని 1950 డిసెంబరులో ఆ రాజే తిరిగి వచ్చి సింహాసన మెక్కెను. చరిత్ర మన నాటకముల వలె భరతవాక్యముతో నాగదు. ఆ పోరాటమును బాల్యమున కన్నులార చూచిన బంధువుల పిల్లవాడొకడు, పెద్దవాడై, తన బాల్యస్మృతుల గ్రంథమగు "అకె"లో 1981లో దానిని వర్ణించెను. అతడే 1986లో నోబెల్ బహుమానము నొందిన వోలె సొయింకా.

రాజకీయములలో ఆమె పొందిన జయములు తక్కువ. అది దాచవలసిన పని లేదు. 1947లో నైజీరియా జాతీయపక్షము లండనునకు పంపిన రాయబారములో ఆమె యొక్కతయే స్త్రీ. అచ్చటి డెయిలీ వర్కర్ పత్రికలో, దొరలు వచ్చుటకు పూర్వము తమ స్త్రీలకు గల స్థానమేమి, వచ్చిన పిమ్మట పోయినదేమి యని వ్రాయగా, ఇంటివద్ద పెద్దమనుష్యులు కొందరు మండిపడిరి. 1949లో ఆమె సంఘము దేశమంతటికి విస్తరించి నైజీరియా స్త్రీల సంఘమయ్యెను. 1951లో ప్రాంతీయ శాసనసభకు పోటీచేసి ఓడిపోయెను. అచ్చటి చిక్కు వినుడు. పన్ను కట్టినవారికే యోటు! ఏ పన్ను అన్యాయమని స్త్రీలు పోరాడి తొలగించుకొనిరో, ఆ పన్ను రసీదే వారిని ఓటుశాల గుమ్మమున నాపినది. పైగా ఓటర్లు నేరుగా ప్రతినిధిని ఎన్నుకొనరు, ఎన్నుకొనువారిని ఎన్నుకొందురు. మెట్టుమెట్టునకు స్త్రీల సంఖ్య తరుగును. నైజీరియా ఉత్తరప్రాంతపు స్త్రీలకైతే 1976 వరకు ఓటు రానేలేదు.

1959 ఎన్నికలలో తన పక్షమువారే ఆమెకు అభ్యర్థిత్వము నిరాకరించిరి. ఆమె స్వతంత్రముగా నిలిచి ఓడుటయే గాక, పక్షపు ఓట్లు చీలి ప్రత్యర్థిపక్షము గెలిచెను. పట్టుదల యొక హద్దు దాటినదని మా యభిప్రాయము. తాను స్థాపించిన స్త్రీల సంఘములకు కడవరకు తానే యధ్యక్షురాలుగా నుండుటయు అట్టిదే. వేరొకతెను తీర్చి పీట మీద కూర్చుండబెట్టి యుండవలసినది. ఇట్టి యుదాహరణములకు ఆఫ్రికా వరకు పోనక్కరలేదని ఎవరో ప్రక్కన గొణుగుచున్నారు, మేము వినలేదు.

1956లో చైనాకు పోయి వచ్చినందున మరుసటి యేడు ఆమె పాస్‌పోర్టును క్రొత్తచేయుటకు ప్రభుత్వము నిరాకరించెను. 1960లో దేశము స్వతంత్రమైన పిమ్మటగాని అది తిరిగి రాలేదు. 1965లో దేశపు బిరుదు, 1968లో ఇబాదన్ విశ్వవిద్యాలయపు గౌరవ డాక్టరు పట్టము, 1970లో సోవియట్ రష్యావారి లెనిన్ శాంతి బహుమానము వచ్చినవి. బిరుదుల పట్టిక యింతటితో చాలును.

కుమారులలో ఒలికోయె వైద్యుడై, తరువాత దేశపు ఆరోగ్యమంత్రి యయ్యెను. బెకో వైద్యుడును, పౌరహక్కులకై చెరసాల పాలైనవాడును. నడిమివాడు ఫెలా గాయకుడు. మా మనుమడు విన్న పాట యితనిదే. ఇతడు సైనిక ప్రభుత్వమును పాటలతో నెత్తిపొడిచెను. తమ యింటి పేరులోని రాన్సమ్ అను పరాయిమాటను తీసివేసి అనికులాపొ యని పెట్టుకొనెను. మృత్యువును సంచిలో నుంచుకొనినవాడని యా మాట కర్థము. వృద్ధురాలైన తల్లియు ఆ పేరే పెట్టుకొనెను. 1977 ఫిబ్రవరి 18వ తేదీన వేయిమంది వరకు సైనికులు లాగోసులోని ఫెలా యింటిపై బడి, కొట్టి, కాల్చి, డెబ్బదియారేండ్ల ఆ తల్లిని మేడ కిటికీనుండి త్రోసివేసిరి. ఆమె మరల కోలుకొనలేదు. 1978 ఏప్రిల్ 13వ తేదీన మరణించెను. ప్రభుత్వ విచారణసంఘము దోషులు "గుర్తు తెలియని సైనికులు" అని తేల్చెను. కొడుకు 1979లో శవపేటికను తీసికొనిపోయి సైనిక ప్రభుత్వపు ప్రధానస్థానమగు దోదన్ శిబిరము వాకిట దింపెను.

అబెయొకూటలో ఆమె యంత్యక్రియల నాడు అంగడి స్త్రీలు అంగళ్లు మూసిరి. మేము ఈ యుపన్యాసము వ్రాసికొనుచు అచ్చట చాలసేపు ఆగితిమి. నాటికి ఆ తరగతులు మొదలై ముప్పదినాలుగేండ్లు. మేము పాఠము చెప్పినదియు సరిగా ముప్పదినాలుగేండ్లే.

ఇక మన సంగతి యొక్కటి చెప్పి విరమింతుము. మన సంఘపు విద్యార్థి వసతిగృహమున వంటచేయు తల్లులు నలుగురు కలరు. వారిలో ముగ్గురు జీతపు పట్టీలో వేలిముద్ర వేయుచున్నారని వార్డెనుగారిని అడిగి తెలిసికొంటిమి. ఆ గృహముననే అరువదిమంది పిల్లలు రాత్రి పదింటివరకు చదువుచుందురు. వచ్చు సోమవారమునుండి సాయంకాలము ఆరు గంటలకు మేము అచ్చటికి పోవుచున్నాము. వంటకు ఆలస్యమగునని మేనేజరుగారు సందేహించిరి. ఉల్లిపాయలు తరుగుచునే అక్షరములు చెప్పుకొందుమని ఒప్పించితిమి. డిగ్రీలు గడించిన మన యమ్మాయిలలో తీరిక గలవారు వచ్చినచో మాకు సాయముగా నుండును. మాకు కంటిచూపు మునుపటివలె లేదు.

మరియొక విన్నపము. ఈ సంచిక చివరి పుటలలో విద్యానిధి ఆదాయవ్యయపట్టిక అచ్చైనది. దానిని ఇంతవరకు చదివినవారు కోశాధికారిగారును, అచ్చుతప్పులు దిద్దిన మేమును మాత్రమే యని మా యనుమానము. తల్లులారా, ఇంటికి పోయి దానిని తీరికగా చూడుడు. ఏ పద్దైనను అర్థము కానిచో కోశాధికారిగారిని అడుగుడు. వారు మా పూర్వశిష్యులే, కోపింపరు.